కాడి మారిన ఇంజన్లు

మన మిట్టేమరికి పడమట, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం పోయే రైలుదారి 1980లలో మీటర్‌గేజి నుంచి బ్రాడ్‌గేజికి మారింది. పట్టాల వెడల్పు మారితే పాత ఇంజనుకు ఆ దారి లేనట్టే. 1992లో యూనిగేజి పథకం వచ్చాక, గూడ్సు లాగిన ఎన్నో వైడీఎం-4 డీజిలు ఇంజన్లు సత్తువ ఉండగానే పని కోల్పోయాయి. కొన్నింటిని రైట్స్ సంస్థ మలేషియాకు అద్దెకు పంపింది. అక్కడి పట్టాలూ మీటరు వెడల్పువే గదా! మనం విప్పిన కాడిని వాళ్లు కట్టారన్నమాట.

తర్వాత కరెంటు తీగలు వచ్చి బ్రాడ్‌గేజి డీజిళ్లకూ పని తగ్గించాయి. 2020 జూలైలో మనం వాడిన 10 ఇంజన్లను బంగ్లాదేశ్‌కు ఇచ్చాం. పాతవని చిన్నచూపు చూడనక్కర లేదు; వాటికి ఇంకా 28 ఏళ్లకు పైగా ఆయుష్షు ఉందని అప్పుడే లెక్కగట్టారు. 2023 మేలో మరో 20 వెళ్లాయి.