తలుపు వేసిన ఇంటి నుంచి: బ్రిటన్, ఐర్లాండ్ విద్యార్థుల విదేశీ చదువులు

మన ఊళ్లలో ఎవరింటి పిల్లవాడైనా లండనుకో డబ్లినుకో వెళ్తున్నాడంటే ఎయిర్‌పోర్టుకు రెండు కార్లు కదులుతాయి. ఆవకాయ సీసాను తూకం వేసి మరీ సూట్‌కేసులో సర్దుతారు. బ్యాంకు లోను, వీసా, అద్దెగది గురించి అయితే ఇంటిల్లిపాదికీ తెలుసు. కానీ ఆ లండన్‌లో, ఆ డబ్లిన్‌లో పుట్టిన పిల్లలు చదువు కోసం ఎక్కడికి వెళ్తారన్న ప్రశ్న మనకు తోచదు. లోకమంతా వాళ్ల వాకిట్లో నిలబడుతుంటే వాళ్లు ఎక్కడికో పోవాల్సిన పనేముంది అనుకుంటాం. కానీ పోయారు. నాలుగున్నర శతాబ్దాలుగా పోతూనే ఉన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన సామెత. వీళ్లలో చాలామంది రచ్చకు వెళ్లింది ఇంట్లో తలుపు వేసేశారు గనక.

మొదట ఆ తలుపు వేసింది మతం. మొదటి ఎలిజబెత్ రాణి కాలానికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండూ ప్రొటెస్టంట్ చర్చి చేతుల్లోకి వెళ్లాయి. కాథలిక్కులకు అక్కడ చోటు లేకుండా పోయింది. ఆక్స్‌ఫర్డ్ వదిలి వెళ్లిన విలియం అలెన్ 1568లో డువే పట్టణంలో ఇంగ్లిష్ కాలేజీ పెట్టాడు. ఇప్పుడది ఫ్రాన్స్‌లో ఉంది గానీ అప్పట్లో స్పెయిన్ రాజు ఏలుబడిలోది. ఐరిష్‌వాళ్లు అదే దారి పట్టారు. 1592లో సలమాంకాలో, 1607లో లూవెన్‌లో, 1628లో రోమ్‌లో ఐరిష్ కాలేజీలు వెలిశాయి. పారిస్‌లో ఐరిష్ కాలేజీ ఉన్న వీధిని ఇప్పటికీ ఐరిష్‌వాళ్ల వీధి అనే పిలుస్తారు.

ఈ ప్రయాణం చాటుమాటు వ్యవహారం. సరుకుల ఓడల్లో, మారుపేర్లతో వెళ్లేవారు. 1695లో ఐర్లాండ్ పార్లమెంటు పిల్లల్ని కాథలిక్ చదువు కోసం విదేశాలకు పంపడాన్నే నేరం చేసింది. పరాయి దేశంలో చదువు చట్టరీత్యా తప్పయిన కాలం ఒకటుందంటే, వీసా క్యూల్లో నిలబడే మన పిల్లలు నమ్మరేమో. సలమాంకాలో చదువు ముగించి స్వదేశం వెళ్లే ఐరిష్ విద్యార్థికి స్పెయిన్ ఖజానా దారిఖర్చులు ఇచ్చేది. తిరిగి వెళ్లడం ప్రాణాపాయమని తెలిసే ఇచ్చేది. లూవెన్‌లోని ఐరిష్ ఫ్రాన్సిస్కన్ మఠం ఇంకో పని కూడా తలకెత్తుకుంది. స్వదేశంలో చెదిరిపోతున్న ఐరిష్ రాతప్రతుల్ని సేకరించి రమ్మని 1626లో మీహాల్ ఓ క్లేరీ అనే సోదరుణ్ణి పంపింది. ఆయన డోనెగాల్‌లో మరికొందరితో కూర్చుని 1632, 1636 మధ్య కూర్చిన చరిత్రే ‘నలుగురు పండితుల వార్షిక వృత్తాంతాలు’. ఐరిష్ జాతి తన గతాన్ని తెలుసుకోవడానికి ఈనాటికీ తిరగేసే ఆ గ్రంథానికి ప్రేరణ బెల్జియం నేల మీద పుట్టింది.

ఫ్రెంచి విప్లవం వచ్చి ఫ్రాన్స్‌లో, దాని సైన్యాలు అడుగుపెట్టిన చోట్ల ఈ కాలేజీలకు తాళాలు వేసింది. ఐరిష్ కుర్రాళ్లు విప్లవ భావాలు నేర్చుకుని వస్తారేమోనని బ్రిటిష్ ప్రభుత్వానికి భయం పట్టుకుంది. అంతే, 1795లో డబ్లిన్ దగ్గర మేనూత్‌లో కాథలిక్ విద్యాలయానికి తానే డబ్బిచ్చింది. నూరేళ్ల కిందట విదేశీ చదువును నేరం చేసిన రాజ్యమే స్వదేశంలో బడి కట్టించింది. తలుపు తెరిస్తే ప్రయాణం ఆగుతుందని పాలకులకు తెలియక కాదు.

ప్రొటెస్టంట్లందరికీ అన్నీ అమిరాయనుకోకండి. ఆంగ్లికన్ చర్చికి ఒదగని డిసెంటర్లు కూడా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో డిగ్రీ తీసుకోలేకపోయారు. ఆ మతపరీక్షలు చాలావరకు రద్దయింది 1871లోనే. అందుకే వాళ్లు ఉత్తర సముద్రం దాటి హాలండ్ చేరారు. లైడెన్‌లో వైద్యం చెప్పే హెర్మన్ బూర్‌హావె పేరు యూరప్ అంతా మోగుతున్న రోజులవి. పాఠాలు లాటిన్‌లో సాగేవి కాబట్టి డచ్ రాకపోయినా ఇబ్బంది లేదు. లైడెన్‌లో చదివి వచ్చినవాళ్లే 1726లో ఎడిన్‌బరో వైద్య విభాగాన్ని నిలబెట్టారు. ఐరిష్ రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ మొదట ఎడిన్‌బరోలో, తర్వాత లైడెన్‌లో వైద్యం చదవబోయి, ఏదీ పూర్తి చేయకుండా యూరప్ మీద కాలినడకన పడ్డాడు.

స్కాట్లాండ్ కుర్రాళ్లు న్యాయశాస్త్రం కోసం డచ్ విశ్వవిద్యాలయాలకు వెళ్లడం తరాల ఆనవాయితీ. స్కాటిష్ న్యాయానికి మూలం రోమన్ న్యాయం. అది నేర్పడంలో డచ్‌వాళ్లది అందెవేసిన చెయ్యి. జేమ్స్ బాస్వెల్ సంగతి చూడండి. అతనికి సైన్యంలో చేరి లండన్‌లో షికార్లు కొట్టాలని ఉండేది. జడ్జి అయిన తండ్రి, తాను లైడెన్‌లో చదివినవాడు, కొడుకు కూడా లా చదవాల్సిందేనని పట్టుబట్టాడు. 1763లో రచయిత శామ్యూల్ జాన్సన్ హార్విచ్ రేవు దాకా వచ్చి మరీ సాగనంపాడు. యూట్రెక్ట్‌లో దిగిన బాస్వెల్‌కు చర్చి గోపురం మీది గంటలు గంటగంటకూ కీర్తన వాయిస్తుంటే గుండె చెరువైంది. వీధుల్లో మూలుగుతూ తిరిగాడు. చివరికి ఊరే వదిలి రోటర్‌డామ్ పారిపోయాడు. కొన్నాళ్లకు తేరుకుని తిరిగొచ్చి, రోజుకింత ఫ్రెంచి రాస్తూ, లాటిన్ పాఠాలు వింటూ ఆ చలికాలం గడిపాడు. తర్వాతి కాలంలో జాన్సన్ జీవితచరిత్ర రాసి చిరస్థాయిగా నిలిచిన మనిషికి, మొదటి వారాల్లో హాస్టల్ గదిలో దుప్పటి కప్పుకుని ఏడ్చే మన ఫస్టియర్ కుర్రాడికి తేడా ఏముంది?

పంతొమ్మిదో శతాబ్దంలో గాలి జర్మనీ వైపు తిరిగింది. ఈసారి మతం కాదు, ప్రయోగశాల. పరిశోధన చేసి డాక్టరేటు తీసుకునే పద్ధతి ఇంగ్లండ్‌లో లేనే లేదు. ఐర్లాండ్‌లోని కార్లో జిల్లాలో పుట్టి, రైల్వే సర్వేయర్‌గా బతికిన జాన్ టిండాల్ హ్యాంప్‌షైర్‌లో ఒక బడిలో టీచరుగా చేరాడు. అక్కడే సహోద్యోగి ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ పరిచయమయ్యాడు. దాచుకున్న డబ్బుతో ఇద్దరూ 1848లో మార్‌బర్గ్ బయల్దేరారు, బున్సెన్ దగ్గర నేర్చుకోవడానికి. ఫ్రాంక్‌లాండ్‌కు 1849లో, టిండాల్‌కు 1850లో డాక్టరేట్లు వచ్చాయి. మన బడి ప్రయోగశాలల్లోని బున్సెన్ బర్నర్ పేరు ఆ గురువుదే. ఇంగ్లండ్‌లో పీహెచ్‌డీకి ఆక్స్‌ఫర్డ్ తలుపు తెరిచింది 1917లో, అదీ అప్పటిదాకా జర్మనీకి పోతున్న అమెరికన్లను తమవైపు తిప్పుకోవాలన్న ఆలోచనతో.

ఆడవాళ్ల తలుపైతే తాళమే వేసి ఉంది. లండన్‌లో ఎలిజబెత్ గారెట్ అపోతికరీల సంఘం నియమావళిలోని సందు పట్టుకుని 1865లో వైద్యానికి లైసెన్సు సంపాదించింది. సంఘంవాళ్లు వెంటనే ఆ సందు మూసేశారు. డిగ్రీ కోసం ఆమె పారిస్ వెళ్లి, ఫ్రెంచిలో పరీక్షలు రాసి, మైగ్రేన్ తలనొప్పి మీద సిద్ధాంత వ్యాసం సమర్పించి 1870లో ఎండీ పుచ్చుకుంది. అదే ఏడాది నవంబరులో ఎడిన్‌బరోలో సోఫియా జెక్స్-బ్లేక్, ఆమె తోటి విద్యార్థినులు పరీక్షకు వెళ్తుంటే గుంపు అడ్డుపడి బురద చల్లింది. పరీక్ష జరుగుతున్న హాల్లోకి ఒక గొర్రెను కూడా తోలారు. చివరికి సోఫియా స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 1877లో పట్టా తీసుకుంది. ఆ పట్టా పట్టుకొచ్చాక పరీక్ష పెట్టి డాక్టరుగా నమోదయ్యే వీలిచ్చింది లండన్ కాదు, ఎడిన్‌బరో కాదు, డబ్లిన్‌లోని వైద్యుల కాలేజీ.

డబ్లిన్ పేరెత్తాం కాబట్టి మనవాడి మాట ఒకటి. బరంపురంలో తెలుగింట పుట్టిన వి.వి.గిరి లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయని ఆయన్ను దేశం విడిచి పొమ్మన్నారు. ఐరిష్ విద్యార్థులు చాటుగా యూరప్ వెళ్లి చదివిన చరిత్ర తెలిసిన ఊరే ఆయనకు రాజకీయం నేర్పింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా తెరమీదికి వచ్చింది. 1948లో ఫుల్‌బ్రైట్ పథకం బ్రిటన్‌లో మొదలైంది. ఐర్లాండ్ కథ ఇంకా బాగుంటుంది. ఫీజు కట్టలేని పల్లెటూరి కుర్రాళ్లు కాళ్లనే నమ్ముకున్నారు. ఫిలడెల్ఫియా దగ్గరి విల్లనోవా విశ్వవిద్యాలయం పరుగుపందెం వీరులకు స్కాలర్‌షిప్పులిచ్చి ఐర్లాండ్ నుంచి రప్పించుకుంది. అలా వెళ్లిన ఆర్క్‌లో ఊరివాడు రానీ డిలానీ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఎమన్ కాగ్లన్, కోవ్ పట్టణపు సోనియా ఓసల్లివన్ అదే బాటన నడిచారు. ఒక కాలేజీకీ ఒక దేశానికీ మధ్య ఇంతకాలం సాగిన బంధుత్వం అరుదు.

ఇక్కడిదాకా అవసరం తోలుకెళ్లిన ప్రయాణాలే. అవసరం లేకపోయినా వెళ్లి చూసొద్దామన్న ఆలోచన భాషల విభాగాల్లో పుట్టింది. ఫ్రెంచో జర్మనో చదివేవాళ్లు మూడో సంవత్సరం ఆ దేశంలో గడిపి, నాలుగో ఏట తిరిగొచ్చి డిగ్రీ ముగిస్తారు. దాన్ని యూరప్ అంతటికీ, అన్ని సబ్జెక్టులకూ పరిచిందే ఎరాస్మస్. బ్రసెల్స్‌లో దానికి పునాది వేసిన అధికారుల్లో ముఖ్యుడు హివెల్ కెరి జోన్స్, వేల్స్ మనిషి, సస్సెక్స్ విశ్వవిద్యాలయం నుంచి వెళ్లినవాడు. 1985లో యూరోపియన్ కమిషన్‌లో విద్య చూసింది ఐర్లాండ్‌కు చెందిన పీటర్ సదర్లాండ్. 1987లో మొదలైనప్పుడు తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. ఏర్పాటు తేలిక: అక్కడ ఫీజు కట్టక్కర్లేదు, కొద్దిపాటి భృతి ఇస్తారు, అక్కడ రాసిన పరీక్షల మార్కులు ఇక్కడ చెల్లుతాయి.

బ్రిటన్‌కు మాత్రం ఇందులో ఒక తలనొప్పి ఉండేది. వెళ్లేవాళ్ల కంటే వచ్చేవాళ్లు దాదాపు రెట్టింపు. ఇంగ్లిష్ నేర్చుకుందామని యూరప్ పిల్లలు ఎగబడ్డారు. బ్రిటిష్ పిల్లలకేమో ఇంకో భాష రాదు. 2004లో ఇంగ్లండ్ ప్రభుత్వం 14 ఏళ్లు దాటాక విదేశీ భాష తప్పనిసరి కాదంది. ఫ్రెంచి, జర్మన్ తరగతులు ఖాళీ అవుతూ వచ్చాయి. నన్నడిగితే, తర్వాత జరిగిన బ్రెగ్జిట్ కంటే ఈ నిర్ణయమే బ్రిటిష్ విద్యార్థిని ఎక్కువ కట్టిపడేసింది. దాని మీద ఊరేగింపులు మాత్రం జరగలేదు.

2012లో మరో తలుపు పడింది. ఇంగ్లండ్‌లో ఫీజు గరిష్ఠ పరిమితి ఏడాదికి 9,000 పౌండ్లకు చేరింది. అదే సమయంలో మాస్ట్రిక్ట్, గ్రోనింగన్ లాంటి డచ్ విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లిష్‌లోనే డిగ్రీ, 2,000 యూరోల లోపు ఫీజు. పత్రికలు దీన్ని పెద్ద వలసగా రాశాయి. నిజానికి వెళ్లింది కొద్దిమందే. కారణం వెతకాలంటే లోను ఫారం తీసి చూడండి: ఇంగ్లండ్ ప్రభుత్వ విద్యారుణం విదేశంలో పూర్తి డిగ్రీ చదివేవారికి వర్తించదు. ఇక్కడ 9,000 అప్పు పుట్టినంత సులువుగా అక్కడ 2,000 నగదు పుట్టదు.

ఐరిష్‌వాళ్లకు అడ్డుపడింది ఫీజు కాదు, మార్కులు. అక్కడ లీవింగ్ సర్టిఫికెట్ పరీక్షలో వచ్చే పాయింట్లే తలరాత, గరిష్ఠం 625. మన ఎంసెట్ ర్యాంకు బాధ ఎరిగినవారికి వివరించక్కర్లేదు. పశువైద్యం చెప్పే కళాశాల చాలాకాలం దేశం మొత్తానికి డబ్లిన్‌లో ఒక్కటే. ఆవులూ గుర్రాలూ నిండిన దేశంలో పశువుల డాక్టరు కావాలనుకున్న రైతుబిడ్డ బుడాపెస్ట్‌కో, వార్సాకో, స్లొవేకియాలోని కోషిత్సెకో వెళ్తాడు. పాఠాలు ఇంగ్లిష్‌లోనే. చదువయ్యాక తిరిగొచ్చి పక్క ఊళ్లోనే ప్రాక్టీసు పెడతాడు. సలమాంకా నుంచి తిరిగొచ్చిన ఆ పాతకాలపు విద్యార్థికి ఇతను దగ్గరి చుట్టం.

2016 జూన్‌లో బ్రెగ్జిట్ ఓటు. ఎరాస్మస్‌కు ఢోకా లేదని 2020 జనవరిలో పార్లమెంటులో చెప్పిన ప్రధాని బోరిస్ జాన్సన్, అదే ఏడాది క్రిస్మస్ ముందురోజు బయటికి వస్తున్నామన్నాడు. బదులుగా 2021లో ట్యూరింగ్ పథకం వచ్చింది, మొదటి ఏడాదికి 110 మిలియన్ పౌండ్లతో. ఇది యూరప్‌కు పరిమితం కాదు, పేద పిల్లలకు పెద్దపీట వేస్తుంది. ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. కానీ అవతలి నుంచి వచ్చేవారికి పైసా లేదు. ఇచ్చిపుచ్చుకోవడం లేని పొత్తు ఎంతకాలం నిలుస్తుంది? పేరు మాత్రం సరిగ్గా పెట్టారు. అలన్ ట్యూరింగ్ కూడా 1936లో ప్రిన్స్‌టన్ వెళ్లి 1938లో అక్కడే డాక్టరేటు తీసుకున్నవాడే. వేల్స్ తన పథకం తాను పెట్టుకుంది. ఉత్తర ఐర్లాండ్ విద్యార్థులకు ఎరాస్మస్ దక్కేలా ఆ ఖర్చు తాను పెట్టుకుంటానని డబ్లిన్ ప్రభుత్వం ముందుకొచ్చింది. ఐరిష్ పౌరులకు బ్రిటన్‌లో పాత ఒప్పందాల వల్ల స్థానిక ఫీజే కొనసాగింది గానీ, బ్రిటిష్ పిల్లలకు హాలండ్‌లో ఆ చౌక ఫీజు పోయింది.

2025 డిసెంబరులో బ్రిటన్ మనసు మార్చుకుంది. 2027లో ఎరాస్మస్‌లో తిరిగి చేరడానికి ఒప్పుకుంది. అప్పుడు మూడో సంవత్సరం చదువు కోసం స్పెయిన్‌కో జర్మనీకో బయల్దేరే ఇరవై ఏళ్ల కుర్రాడు, బ్రెగ్జిట్ ఓటు పడిన రోజున నాలుగో తరగతి చదువుతున్నాడు.