అమీర్‌పేట నుండి పంజాగుట్ట దాకా

ఈనాడు అమీర్‌పేట చౌరస్తాలో నిలబడి తలెత్తి చూస్తే ఆకాశం కనిపించదు, మెట్రో స్టేషను కనిపిస్తుంది. ఒక లైను మీద ఇంకొక లైను. "మెట్రోకు ముందు ఇక్కడ ఏముండేది?" అని పిల్లలడిగితే చెప్పగలిగే పెద్దలు తగ్గిపోతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాయబూనినాము.

ముందు పేర్ల సంగతి. ఆసఫ్‌జాహీల కాలంలో పాయెగా అమీరులకు 'అమీరె కబీర్' అనే బిరుదు ఉండేది. అమీర్‌పేట ఆ బిరుదు మీద వచ్చిన పేరే అంటారు. పక్కనున్న బేగంపేట కథ కూడా ఆ ఇంటిదే. రెండవ నిజాము కుమార్తె బషీరున్నిసా బేగం పాయెగా ఇంటి కోడలైనప్పుడు ఆ జాగా ఆమెకు కట్నంగా వచ్చిందట. మామగారింటికి ఒక పేట, కోడలికి ఒక పేట! పంజాగుట్టలోనయితే 'పంజా' ఫార్సీ, 'గుట్ట' తెలుగు. రెండూ ఒక్క మాటలో కాపురం చేస్తున్నాయి.

ఇంకా ముచ్చటైనది ఎర్రమంజిల్ పేరు. 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ గుట్టమీద నూటయాభైకి పైగా గదులతో దేవిడీ కట్టించినాడు. ఆ గుట్టను ఊరివాళ్లు ఎర్రగడ్డ అనేవారట. ఫార్సీలో 'ఇరమ్' అంటే స్వర్గవనం. నవాబుగారు రెంటినీ కలిపి పేరు పెట్టినారని చెప్పుకుంటారు. తర్వాత అది సర్కారు ఆఫీసులకు పోయింది.

పాతది పోయి కొత్తది వచ్చిన తీరు కూడా చెప్పాలి. 1990లలో మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలిసినవి. జిల్లాల కుర్రవాళ్లు బ్యాగులతో దిగేవారు, వారికి హాస్టళ్లు కావలసి వచ్చినవి. కాంపౌండు, బావి, జామచెట్టు ఉన్న ఇళ్లు డెవలప్‌మెంటుకు ఇచ్చినారు. ఇంటివారికి కొన్ని ఫ్లాట్లు, బిల్డరుకు కొన్ని ఫ్లాట్లు. మరి ఇరవై ముప్ఫై ఏళ్లు కిరాయికున్న దర్జీకి, చిన్న దుకాణదారుకు? సామాను ఎత్తుకెళ్లే బండి. ఒప్పందం కాగితంలో అతని సంతకమే లేదు గదా! ఇది మన ఊరి సంగతే కాదు. కొరియాలోని సియోల్ నగరంలో, యోంగ్‌సాన్ పునర్నిర్మాణ ప్రాంతంలో, ఖాళీ చేయించబడిన దుకాణదారులు ఎదురు తిరిగినప్పుడు 2009 జనవరి 20న ఐదుగురు నిరసనకారులు, ఒక పోలీసు మంటల్లో చనిపోయినారు. అక్కడా కిరాయిదారుల బాధే.

రోడ్ల మాటకొస్తే, 2007 సెప్టెంబరు 9న పంజాగుట్టలో కడుతుండగానే ఫ్లైఓవరు కూలి, కింద పోయేవారు ప్రాణాలు కోల్పోయినారు. 2017 నవంబరు 28న మెట్రో ప్రారంభమైంది. సౌకర్యమే, కాదనము, మేము కూడా అందులోనే పోతున్నాము.

ఎర్రమంజిల్‌కు 2019లో గండం వచ్చింది. దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వం నిర్ణయించి, జూన్ 27న శంకుస్థాపన కూడా చేసింది. కొందరు పౌరులు కోర్టుకు పోయినారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. అటు దేవిడీకి కోర్టు దాకా పోయే మనుషులు దొరికినారు. ఇటు గల్లీలోని పెంకుటింటికి ఎవరు పోతారు?

అమీర్‌పేటలో ఎల్బీనగర్ వైపు మెట్రో ఎక్కితే పంజాగుట్ట, ఆ తర్వాత ఎర్రమంజిల్ అని పిలుస్తారు. పిల్లలను వెంటబెట్టుకొని ఒక ఆదివారం అక్కడ దిగండి.