ఫిలే క్రోషే లేసు

గళ్ల వలలా అల్లుతూ, కొన్ని గళ్లు నింపి, కొన్ని ఖాళీగా వదిలి బొమ్మ తీర్చే లేసు పద్ధతి. పువ్వయినా, నెమలయినా, పేరయినా గళ్ల కాగితం మీద గీసుకోగలిగితే దారంతో అల్లుకోవచ్చు.

ముడులు వేసిన వల మీద సూదితో కుట్టే ఫిలే లేసు దీనికి మూలం. అలాంటి గళ్ల నమూనాలతో ఫెడెరికో విన్చోలో 1587లో పారిస్‌లో ఒక పుస్తకం వెలువరించాడు. 19వ శతాబ్దంలో ఐరోపాలో క్రోషే ప్రబలాక, వల విడిగా కట్టే శ్రమ లేకుండా ఒక్క కొక్కెం సూదితోనే వలనూ బొమ్మనూ కలిపి అల్లడం సాధ్యమైంది.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాలు దీనికి స్వర్ణయుగం. ఆస్ట్రేలియాకు చెందిన మేరీ కార్డ్ (1861–1940) వినికిడి తగ్గి ఉపాధ్యాయ వృత్తి మానుకుని, నమూనాల రూపకల్పన చేపట్టింది. కుట్ల పేర్లతో నిండిన పొడుగాటి వివరణ చదివే పని లేకుండా, కంటికి ఆనే పెద్ద గళ్ల పటాలు అచ్చువేయించడం ఆమె చేసిన గొప్ప మేలు. తరువాత యంత్రపు లేసు చవకై చేతి అల్లిక వెనకబడింది.

తెలుగునాట క్రోషేకు పేరుపొందిన కేంద్రం పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. 1844 ప్రాంతంలో మక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. ఏజెంట్లు ఇళ్లకు దారం ఇచ్చి, అల్లిన ముక్కలు తీసుకెళ్లే పద్ధతి ఏర్పడింది. ముక్కలు కలపడానికి ‘అతుకుపని’ వేరు. బల్లగుడ్డలు, దుప్పట్లు విదేశాలకు ఎగుమతి అయ్యాయి. జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ 1982 నాటి తన పుస్తకంలో, గంటల తరబడి సాగే ఈ పనిని గృహిణుల తీరిక వేళ కాలక్షేపంగా చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉందని నిశితంగా చూపారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

నేటి ఇళ్ల కోసం పాత నమూనాలు మళ్లీ అల్లేవారికి పటమే ఆధారం. సాధారణ పద్ధతిలో గడికి మూడు కుట్లు, చివర ఒకటి అదనం. కాబట్టి 40 గళ్ల వెడల్పుకు పునాది గొలుసులో 121 కుట్లు పడతాయి, మలుపు కుట్లు వేరు. వరుస ఎత్తు గడి వెడల్పుతో సమం కాకపోతే బొమ్మ సాగిపోతుంది లేదా నలిగినట్టవుతుంది. అందుకే ముందు చిన్న ముక్క అల్లి కొలిచి చూస్తారు. దారం లావయితే అదే పటం పెద్దదవుతుంది: సన్నని నూలుతో చేతిరుమాలు అంచుకు గీసిన తీగ, లావు నూలుతో కిటికీ పరదాకు సరిపోతుంది. ఖాళీ గళ్లు ఎక్కువున్న నమూనాలే పరదాలకు అనువు. దిండు గలీబుకు నిండు గళ్లు మేలు, అడుగున ముదురు రంగు బట్ట వేస్తే బొమ్మ స్పష్టంగా తేలుతుంది. ఉతికాక పలుచని గంజి పెట్టి, అంచులు చక్కగా లాగి గుండుసూదులతో బిగించి ఆరబెడితే గళ్లు చతురస్రంగా నిలుస్తాయి.