తన పింఛనుకు తానే అద్దె కట్టే వైద్యుడు: బ్రిటన్‌లో స్వయం నిర్వహణ పింఛన్ల కథ

బ్రిటన్‌లో సొంత క్లినిక్ నడిపే దంతవైద్యుడు ఆ భవనాన్ని తన పింఛను సొమ్ముతోనే కొనిపించి, అందులోనే అద్దెకుంటూ, ఆ అద్దెను తన పింఛను ఖాతాకే చెల్లించవచ్చునన్న సంగతి, హోసూరు కర్మాగారాల జీతాల మీద బతికిన కుటుంబాలకూ, కల్లావి, ఊత్తంగరై ప్రాంతాల నుంచి ఆ దేశం చేరిన తెలుగువారికీ మొదట నమ్మశక్యంగా ఉండదు. 1952 నాటి చట్టం కింద నడిచే మన పీఎఫ్‌లో కార్మికుడి జీతం నుంచి నూటికి 12 వంతున పట్టుకుంటారు, యజమాని తన వాటా కలుపుతాడు, ఏటా వడ్డీ ఎంతో పైనుంచి ప్రకటన వస్తుంది. ఆ సొమ్మును దేనిలో పెట్టాలని కార్మికుణ్ణి అడిగేవారుండరు. బ్రిటన్‌లో అడిగే పద్ధతి ఒకటి ఉంది. దానిని అక్కడ స్వయం పెట్టుబడి వ్యక్తిగత పింఛను అంటారు, వాడుకలో ‘సిప్’. మన మ్యూచువల్ ఫండ్ల నెలవారీ సిప్‌తో దీనికి సంబంధం లేదు.

ఆ దేశంలో ముసలితనపు భరోసా మొదట దానంగా ఉండేది. 1908 చట్టం ప్రకారం, 1909 జనవరి 1 నుంచి, 70 ఏళ్లు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల దాకా పోస్టాఫీసులో ఇచ్చారు. జైలుకు వెళ్లి వచ్చినవారిని, పని చేయగలిగి చేయనివారని తేలినవారిని దూరం పెట్టారు. చందా కట్టి హక్కుగా పొందే పింఛను 1925లో వచ్చింది, బెవరిడ్జ్ నివేదిక ఫలితంగా 1948లో అది అందరికీ విస్తరించింది. దానిపైన యజమానులు నడిపే కంపెనీ పింఛన్లు పెరిగాయి. ఒకే సంస్థలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి అవి చల్లని నీడ. ఉద్యోగం మారినవాడికీ, సొంత వ్యాపారం చేసుకునేవాడికీ వాటిలో చోటు తక్కువ.

ఆ లోటు తీర్చే పేరుతో థాచర్ ప్రభుత్వం 1986లో చట్టం చేసి, 1988 జూలై నుంచి వ్యక్తిగత పింఛన్లకు తలుపు తెరిచింది. మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ మరో అడుగు వేసి, పింఛను నడిపే సంస్థ ఒకటి, పెట్టుబడులు ఎంచుకునే వ్యక్తి మరొకరు కావచ్చునన్నాడు; సిప్ పుట్టుక అదే. అయితే ఆ స్వేచ్ఛకు కీడు కూడా తోడుగా వచ్చింది. కమిషన్ కోసం తిరిగే ఏజెంట్లు నర్సులను, గని కార్మికులను, ఉపాధ్యాయులను నమ్మించి, యజమాని చందా ఉన్న మంచి పథకాల నుంచి బయటికి లాగి వ్యక్తిగత పింఛన్లలో చేర్చారు. ఆ తప్పుడు అమ్మకాలకు చెల్లించిన పరిహారం చివరికి దాదాపు 1,180 కోట్ల పౌండ్లకు చేరింది. కాబట్టి ఎంచుకునే హక్కును ప్రగతి అనే ముందు, ఆ ఎంపిక వల్ల లాభపడుతున్నది ఎవరో చూడవలసి ఉంటుంది.

అలాగని యజమాని చేతిలోని సొమ్ము భద్రమనీ చెప్పలేము. పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ 1991 నవంబరులో సముద్రంలో మరణించాక, అతని సంస్థల పింఛను నిధుల్లో 40 కోట్ల పౌండ్లకు పైగా లేవని బయటపడింది. 1995 పింఛను చట్టం ఆ దెబ్బ నుంచి వచ్చింది. 1762లో స్థాపించిన ఈక్విటబుల్ లైఫ్ అనే బీమా సంఘం, తాను హామీ ఇచ్చిన రేట్లను మోయలేక, 2000 డిసెంబరులో కొత్త వ్యాపారం మూసుకుంది. ప్రభుత్వం, యజమాని, బీమా సంస్థ, మూడింటినీ ఇలా అనుమానించిన మధ్యతరగతికి, తన సొమ్ము ఎక్కడుందో తానే చూసుకోగల ఖాతా ఆకర్షణీయంగా కనిపించడంలో వింత లేదు.

మామూలు వ్యక్తిగత పింఛనుకూ సిప్‌కూ మధ్య తేడాను కృష్ణగిరి పాఠకులకు మామిడి తోటతో చెప్పడం సులువు. బీమా సంస్థ అమ్మే మామూలు వ్యక్తిగత పింఛను తోటను గుత్తకు ఇవ్వడం వంటిది: ఏ చెట్టుకు ఎప్పుడు మందు కొట్టాలో, కాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలాలో మండీకి పంపాలో గుత్తదారు చూసుకుంటాడు, యజమాని లెక్క ప్రకారం వచ్చింది పుచ్చుకుంటాడు. సిప్‌లో తోట యజమాని చేతిలోనే ఉంటుంది. తోతాపురి నాటాలో నీలం నాటాలో అతనే తేల్చుకోవాలి, పూత రాలిన ఏడు నష్టం కూడా అతనిదే. కంచె మాత్రం అతను వేయడు. చట్టబద్ధమైన ట్రస్టు, అనుమతి పొందిన నిర్వాహక సంస్థ ఆ పని చేస్తాయి, అందుకు రుసుము తీసుకుంటాయి. తోటలోకి ప్రభుత్వం కూడా నీరు పారిస్తుంది: సభ్యుడు 80 పౌండ్లు వేస్తే, పన్ను రాయితీగా మరో 20 పౌండ్లు ఖాతాలో చేరతాయి. ఆదాయమే లేని గృహిణి సైతం ఏటా 2,880 పౌండ్లు వేసి 3,600గా చేసుకోవచ్చు. కంచె బలంగా ఉన్నా, లోపల నాటింది గొడ్డు మొక్క అయితే కాయ రాదని మాత్రం ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

సిప్‌లలో ఎక్కువమందికి సరిపోయేది ఆన్‌లైన్ వేదికల మీద నడిచే తక్కువ ఖర్చు రకం. 2000లో ఏజే బెల్ సంస్థ సిప్‌డీల్ పేరుతో ఆరంభించిన ఖాతా దీనికి తొలి నమూనాల్లో ఒకటి. ఇందులో షేర్లు, ఫండ్లు, ప్రభుత్వ బాండ్లు కొనవచ్చు. భవనాలు కొనడం కుదరదు, సలహా ఇచ్చేవారుండరు. పోల్చవలసింది రుసుము తీరునే. కొన్ని వేదికలు నిధిలో ఇంత శాతమని తీసుకుంటే, మరికొన్ని నెలకు ఇంతని స్థిరంగా తీసుకుంటాయి. నూటికి 0.45 చొప్పున 10,000 పౌండ్ల మీద పడేది ఏడాదికి 45 పౌండ్లే గాని, నిధి 2 లక్షలకు పెరిగినప్పుడు అదే శాతం 900 పౌండ్లవుతుంది; కనుక చిన్న నిధికి శాతం, పెద్ద నిధికి స్థిర రుసుము మేలు. బీమా పింఛను లోపలే ఉంటూ, కావలసినప్పుడు స్వయం పెట్టుబడికి తలుపు తెరిచే మిశ్రమ రకం కూడా ఉంది. ఆ తలుపు తెరవనివారికి అది మామూలు పింఛనే.

దంతవైద్యుడి భవనం పూర్తిస్థాయి సిప్ అనే మూడో రకానికి చెందుతుంది. దీనిలో దుకాణాలు, కార్యాలయాలు, గోదాముల వంటి వాణిజ్య స్థలాలు కొనవచ్చు. నిధి నికర విలువలో సగం దాకా అప్పు కూడా తేవచ్చు. అద్దె బజారు ధరకే ఉండాలి, తక్కువ కట్టినా కట్టకపోయినా పన్ను శాఖ ఊరుకోదు. నివాస గృహాలకు మాత్రం చోటు లేదు. 2006 ఏప్రిల్ 6న అమలులోకి వచ్చిన సంస్కరణల్లో ఇళ్లను, చిత్రపటాలను, ద్రాక్షసారాయిని సైతం అనుమతించాలని మొదట అనుకున్నారు. 2005 డిసెంబరులో ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ ఆ ఆలోచనను ఉపసంహరించాడు. మంచి పనే చేశాడు. స్వేచ్ఛ ఎక్కువైన చోట మోసగాళ్లు చేరతారనడానికి ఒక లారీ డ్రైవరు కేసే చాలు: స్పెయిన్‌లోని అనుమతి లేని మధ్యవర్తి మాట విని అతడు తన పింఛనును సిప్‌లోకి మార్చి, బ్లాక్‌బర్న్‌లోని గోదాము గదుల్లో పెట్టించాడు, వాటి విలువ పడిపోయింది. 2021లో అప్పీలు కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది.

కుటుంబ వ్యాపారాలకు వేరొక దారి ఉంది. చిన్న స్వయం నిర్వహణ పథకం అనే దీనిని కంపెనీయే స్థాపిస్తుంది. సాధారణంగా పన్నెండుమందికి తక్కువగా ఉండే సభ్యులే ధర్మకర్తలవుతారు. సిప్ తన సభ్యుడికి అప్పివ్వరాదు గాని, ఈ పథకం తగిన తనఖా పెట్టించుకుని, ఐదేళ్లలో తీరేటట్టు, నిధిలో సగం దాకా సొంత కంపెనీకి అప్పివ్వవచ్చు. వ్యాపారం మునిగితే పింఛనూ దానితో మునిగే ప్రమాదాన్ని ఇది కొనితెచ్చుకుంటుంది కాబట్టి, జాగ్రత్తపరులకు ఇది తగదు.

2015 ఏప్రిల్ నుంచి 55 ఏళ్లు నిండినవారెవరైనా (2028 నుంచి 57) తమ పింఛను నిధిలో నాలుగో వంతును, ఒక పరిమితికి లోబడి, పన్ను లేకుండా తీసుకుని, మిగిలినదాన్ని ఇష్టమైనట్టు వాడుకోవచ్చు. జీవితాంతం స్థిరమైన మొత్తమిచ్చే యాన్యుటీని కొనవలసిన నిర్బంధం లేదు. ఎనభై ఏళ్ల వయసులో మార్కెట్ పడిపోయినప్పుడు ఈ స్వేచ్ఛ ఎంత బరువవుతుందో సలహా పత్రాల్లో కనిపించదు. 2009 మే 1 నుంచి పౌరులందరికీ తెరిచిన మన జాతీయ పింఛను పథకం పెట్టుబడి ఎంపిక విషయంలో మధ్యేమార్గంలో ఉంది: ఫండ్ మేనేజరును, షేర్లకు బాండ్లకు మధ్య వాటాను చందాదారు ఎంచుకుంటాడు, విడి షేరును, దుకాణపు గదిని కొనలేడు. సామాన్య జీతగాడికి ఆ కట్టుబాటు మేలే చేస్తుంది.

తిరిగి రావాలని మనసులో పెట్టుకుని అక్కడే వయసు మీద పడుతున్న ప్రవాసికి మరో దిగులు ఉంది. కనీసం పదేళ్ల చందా ఉన్నవాడికి బ్రిటిష్ ప్రభుత్వ పింఛను మన దేశానికీ వస్తుంది, కాని ఇక్కడ ఉన్నంతకాలం ఏటేటా పెంపు దక్కదు. మొదట నిర్ణయించిన మొత్తం వద్దే ఆగిపోతుంది. అమెరికాలో స్థిరపడినవాడికి ఇచ్చే పెంపును కల్లావికి తిరిగి వచ్చినవాడికి నిరాకరించడం అన్యాయం. సిప్‌కు ఆ ఆంక్ష లేదు, దాని పెరుగుదల పెట్టుబడిని బట్టి ఉంటుంది.

2012 నుంచి బ్రిటన్ యజమానులు తమ ఉద్యోగులను పింఛనులో తప్పనిసరిగా చేరుస్తున్నారు. రెండు మూడేళ్లు పనిచేసి వచ్చేసిన మన పిల్లల పేరిట కూడా అక్కడ ఏదో ఒక నిధి మిగిలి ఉండవచ్చు. ఇంట్లో ఉన్న పాత జీతం చీటీలు, యజమాని పేరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు వెతికి పెట్టుకుని, ఆ దేశపు ప్రభుత్వం ఉచితంగా నడిపే పింఛను ఆచూకీ సేవను అడగండి. మధ్యవర్తికి దమ్మిడీ ఇవ్వకండి.