చిచెన్ ఇట్సా బలిబావి: అడుగు వెతికిన మనుషుల కథ

ఈ బావి నీళ్ళు ఊరి దాహం కోసం కాదు. మెక్సికోలోని యుకటాన్‌లో, మాయా ప్రజల చిచెన్ ఇట్సా నగరానికి తాగునీటి బావి వేరే ఉంది; దాని పేరు ష్టోలోక్. పెద్ద పిరమిడ్ ఉన్న చోటి నుంచి ఉత్తరంగా సుమారు 300 మీటర్ల రాతిబాట చివర ఉన్న ఈ రెండో బావి దేవుడిది. వాన దేవుడు చాక్‌కు మొక్కుకున్నవన్నీ ఇందులో వేసేవారు.

మనుషులు తవ్వింది కాదిది. ఉత్తర యుకటాన్ అంతా సున్నపురాయి నేల. పైన నదులు పారవు. కురిసిన వాన రాతి పగుళ్ళలోకి దిగి, రాయిని కరిగించుకుంటూ గుహలు తొలుస్తుంది. గుహ కప్పు కూలిన చోట నుయ్యి బయటపడుతుంది. అలాంటి నూతులను అక్కడ సెనోటేలంటారు. బలిబావి అడ్డం సుమారు 60 మీటర్లు. నిటారు గోడలు 20 మీటర్లకు పైగా దిగాక గానీ నీళ్ళు కనిపించవు. ఆ పచ్చటి నీళ్ళ అడుగున శతాబ్దాల పూడిక.

కరవు వచ్చినప్పుడు బతికున్న మనుషులను ఇందులోకి తోసేవారనీ, విలువైన వస్తువులెన్నో విసిరేవారనీ 16వ శతాబ్దంలో స్పానిష్ మతగురువు డియేగో ద లాండా రాశాడు. 1562లో మానీ పట్టణంలో మాయా పుస్తకాలను తగలబెట్టించినవాడూ ఆయనే. ఒక జాతి సొంత రాతలను బూడిద చేసిన మనిషి రాసిందే ఆ జాతి గురించి మనకు పెద్ద ఆధారం కావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ రాతను నమ్మి బావిలో చెయ్యి పెట్టినవాడు ఎడ్వర్డ్ థాంప్సన్. యుకటాన్‌లో అమెరికా కాన్సుల్‌గా ఉంటూ, 1894లో ఈ శిథిలాలున్న జమీనే కొనేశాడు. మనిషి బరువున్న దుంగలకు తాళ్ళు కట్టి గట్టు మీది నుంచి విసిరి, తోసిన మనిషి ఎక్కడ పడి ఉంటాడో లెక్క కట్టాడు. 1904లో అమెరికా నుంచి తెప్పించిన పూడికతీత యంత్రాన్ని ఒడ్డున బిగించాడు. ఇనుప దవడల తొట్టి నీళ్ళలోకి దిగడం, కుళ్ళిన ఆకులూ కొమ్మలూ బురదా పైకి తేవడం: చాలా రోజులు ఇదే తంతు. ఒక రోజు బురదలో పసుపు తెలుపు రంగు ముద్దలు రెండు వచ్చాయి. నిప్పు మీద వేస్తే ఘుమఘుమలాడాయి. అవి కోపల్, మాయా గుడులలో ధూపం వేసే చెట్టు బంక. ఆ తర్వాత పచ్చరాయి పూసలు, బొమ్మలు చెక్కిన బంగారు బిళ్ళలు, మనుషుల ఎముకలు వచ్చాయి. బంగారంలో కొంత నేటి పనామా, కొలంబియా ప్రాంతాల నుంచి వచ్చినది. చాలా వస్తువులను కావాలనే విరగ్గొట్టి, నలగ్గొట్టి బావిలో వేశారు.

తొట్టికి ఇక ఏమీ అందకపోయేసరికి 1909లో స్పాంజీలు ఏరే గ్రీకు గజఈతగాళ్ళను పిలిపించాడు. తనూ రాగి శిరస్త్రాణం, ఇనుప అడుగుల బూట్లు తొడుక్కుని దిగాడు. కొంత లోతు దాటాక వెలుతురు చొరదు, దీపం వేసినా పని చెయ్యదు. వేళ్ళే కళ్ళు. ఆ మునకల్లో థాంప్సన్ చెవులు దెబ్బతిన్నాయి.

ఆయన ధైర్యాన్ని కాదనలేను. కానీ ఆయన పద్ధతి వల్ల జరిగిన నష్టం ఇంకా పూడలేదు. జారిపడిన చేదను కొక్కేలతో వెతికినట్టు వెతికితే చేద దొరుకుతుంది. అది దేని పక్కన పడి ఉందో తెలియదు. ఏ బంగారు బిళ్ళ ఏ ఎముకతో పాటు పడింది, ఏది ముందు, ఏది వెనక అన్న వరుస ఇనుప దవడల్లో కలిసిపోయింది. దొరికిన సరుకు గుట్టుగా హార్వర్డ్ వారి పీబడీ మ్యూజియానికి చేరింది. మెక్సికో దావా వేసింది, 1944లో ఓడిపోయింది. కొన్ని వస్తువులు 1970లోనూ, మరికొన్ని 2008లోనూ స్వదేశానికి తిరిగొచ్చాయి.

బావి అడుగున 14 అడుగుల మందాన నీలిరంగు మడ్డి ఉందని థాంప్సన్ గమనించాడు. దాని సంగతి తేలింది 2008లో. చికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న ఈ బావిలో దొరికిన గిన్నెనొకదాన్ని పరీక్షిస్తే, కోపల్ ముద్దలో మాయా నీలం జాడలు దొరికాయి. ఒక రకం బంకమన్నునూ నీలిమందునూ కలిపి వేడి చేస్తే వచ్చే రంగది. మనం నీలిమందు కోసం పండించిన మొక్కకు దగ్గరి చుట్టమే అక్కడి మొక్కా. ధూపం మండించే చోటే ఆ రంగు తయారై ఉంటుందని పరిశోధకుల మాట. బలి ఇచ్చే మనుషులకూ వస్తువులకూ పూసిన ఆ రంగే నీళ్ళలో వదిలి అడుగున పేరుకుంది.

అందమైన కన్యలను తోశారన్న కథ మాత్రం ఎముకల ముందు నిలబడలేదు. పైకి వచ్చిన వాటిలో మగవాళ్ళవీ, చిన్న పిల్లలవీ ఉన్నాయి. బావికి దగ్గరలోనే నేలలో ఉన్న ఒక పాత నీటి తొట్టిలో 1967లో నూరుమందికి పైగా పిల్లల అవశేషాలు బయటపడ్డాయి. వాటిలో 64 మంది డీఎన్‌ఏ ఫలితాలు 2024లో వచ్చాయి: అందరూ మగపిల్లలే, అందులో రెండు జంటలు కవలలు.

1960ల్లో మెక్సికో పురావస్తు సంస్థ, సెడామ్ అనే సంఘం ఈతగాళ్ళు మళ్ళీ దిగారు. ఒకసారి గాలి గొట్టంతో బురద పీల్చారు, ఇంకోసారి నీళ్ళు తోడెయ్యాలని చూశారు. చుట్టూ రాతిలోంచి ఊట వస్తుంటే బావి ఎలా ఎండుతుంది? చివరికి మందులు కలిపి నీటిని తేటపరిచి వెతికారు.

వెతికే పద్ధతిలో అసలు మార్పు తెచ్చింది గుహల్లో ఈదేవాళ్ళు. తూర్పు తీరంలో సెనోటేల్లోంచి దిగి, తాడు పరుచుకుంటూ, నీళ్ళు నిండిన సొరంగాలను కొలుచుకుంటూ పోయారు. అలా కొలిచిన సాక్ ఆక్తున్ గుహ పొడవు 2018 నాటికి 347 కిలోమీటర్లు. 2007లో అదే వ్యవస్థలో ముగ్గురు ఈతగాళ్ళకు ఒక పెద్ద చీకటి గొయ్యి ఎదురైంది. ఓయో నేగ్రో అని పేరు పెట్టారు. అడుగున ఏనుగు జాతి జంతువుల ఎముకల మధ్య పదిహేను పదహారేళ్ళ అమ్మాయి అస్థిపంజరం ఉంది. వాళ్ళు దేన్నీ తియ్యలేదు. ప్రభుత్వానికి చెప్పారు, పడి ఉన్నది పడి ఉన్నట్టే ఫొటోలు తీశారు. కటి ఎముక విరిగి ఉండటం చూసి, గుహ పొడిగా ఉన్న రోజుల్లో ఆమె గోతిలో జారిపడిందని అర్థం చేసుకున్నారు. ఎముకల మీద పూల్లాంటి సున్నపు పొక్కులున్నాయి. పైనుంచి చుక్కలు రాలే గుహలో, నీళ్ళు నిండకముందే అవి పుడతాయి. ఆ పొక్కుల వయసు లెక్కగట్టే, ఆమె కనీసం 12,000 ఏళ్ళ నాటిదని 2014లో ప్రకటించారు. ఇనుప తొట్టి తగిలి ఉంటే మొదట రాలిపోయేవి అవే.