కరెంటు పోని రాత్రి

2013 ఏప్రిల్ 16. అర్ధరాత్రి దాటి ఒంటిగంట కావస్తోంది. కాలిఫోర్నియాలో శాన్‌హోసేకి దక్షిణాన, 101 హైవేకి దగ్గర్లో, ఎవరో బరువైన మూత ఎత్తి భూమిలోని గదిలోకి దిగారు. ఫైబర్ కేబుళ్లు తెగ్గోశారు. కాసేపటికి ఇంకోచోటా అదే పని. చుట్టుపక్కల చాలా ఫోన్లు మూగబోయాయి.

1:31కి దగ్గర్లోని మెట్‌కాఫ్ విద్యుత్ సబ్‌స్టేషన్ కెమెరాలో ఒక వెలుగు గీత కదిలింది. టార్చిలైటుతో సైగ కావచ్చు. వెంటనే చీకట్లో తుపాకుల మెరుపులు, కంచె మీద నిప్పురవ్వలు. కెమెరాలన్నీ స్టేషన్ లోపలికే చూస్తున్నాయి. కాల్చేవాళ్లు బయట ఉన్నారు.

మన పొలాల దగ్గర రాగి తీగ కోసం ట్రాన్స్‌ఫార్మర్ విప్పి, ఆయిలు పారబోసి పోయే దొంగలు తెలియనివాళ్లు లేరు. వీళ్లు ఆ బాపతు కాదు. పూచికపుల్ల కూడా పట్టుకెళ్లలేదు. గురి మాత్రం ఆయిలు మీదే. దాన్ని చల్లబరిచే రేడియేటర్లకు చిల్లులు పెట్టారు. పేలుడు లేదు, మంట లేదు. ఆయిలు కారిపోయే కొద్దీ లోపల వేడి పెరిగి, ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పని తెలిసినవాడి పన్నాగం అది.

1:41కి పక్క విద్యుత్ కేంద్రంలోని ఇంజినీరు ఫోన్ పోలీసులకు కలిసింది. 1:50కి మళ్లీ టార్చి వెలిగింది, కాల్పులు ఆగాయి. మరో నిమిషానికి పోలీసులొచ్చారు. గేటుకు తాళం, లోపల చడీచప్పుడు లేదు. చూసి వెళ్లిపోయారు.

వందకు పైగా తూటాలు, 17 ట్రాన్స్‌ఫార్మర్లు, 52 వేల గ్యాలన్ల ఆయిలు, కోటిన్నర డాలర్ల నష్టం. దొరికిన తూటా తొడుగుల మీద ఒక్క వేలిముద్ర లేదు. బాగుచేయడానికి 27 రోజులు పట్టింది. ఏళ్లు గడిచినా ఎవరూ అరెస్టు కాలేదు.

అయితే ఆ రాత్రి కరెంటు పోలేదు. కంట్రోల్ రూమువాళ్లు లోడును వేరే లైన్లకు మళ్లించి, దగ్గర్లోని ప్లాంట్లను ఉత్పత్తి పెంచమన్నారు. మనవాళ్లు దండిగా ఉండే ఆ సిలికాన్ వ్యాలీలో తెల్లారి కాఫీ మెషిన్లు రోజూలాగే పనిచేశాయి. ఇంట్లో ఫ్యాను ఆగితేగదా జనం అడిగేది! దేశమంతా దీని గురించి మాట్లాడుకున్నది 2014 ఫిబ్రవరిలో, వాల్ స్ట్రీట్ జర్నల్ వివరంగా రాశాక. దాడి నాటికి ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్‌కు అధ్యక్షుడిగా ఉన్న జాన్ వెలింగాఫ్ దీన్ని ఉగ్రవాద చర్యే అన్నారు. ఎఫ్‌బీఐ అలా అనుకోలేదు.

మరుసటి నెలలోనే కమిషన్ హుకుం జారీ చేసింది. కీలకమైన స్టేషన్లేవో గుర్తించాలి, ముప్పు అంచనా వేయాలి, రక్షణ ప్రణాళిక రాయాలి. నవంబరుకల్లా అది నియమమైంది. డబ్బు మాట మాత్రం అందులో లేదు. స్టేషన్ యజమాని పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ మూడేళ్లలో పది కోట్ల డాలర్లు ఖర్చు పెడతానంది. అలాంటి ఖర్చు తిరిగి తిరిగి చివరికి ఎవరి బిల్లులో తేలుతుందో కరెంటు బిల్లు కట్టే ఎవరికైనా తెలుసు. ఇంతా అనుకుంటుండగానే, 2014 ఆగస్టులో అదే మెట్‌కాఫ్‌లో దొంగలు కంచె కత్తిరించి పనిముట్లు ఎత్తుకుపోయారు.

సర్కారు ఖజానా తెరిచింది హ్యాకర్ల భయంతో. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో దూరాన కూర్చున్నవాళ్లు కంప్యూటర్లలోంచే బ్రేకర్లు తెరిచి, సుమారు రెండు లక్షల పాతికవేల కనెక్షన్లను చీకట్లోకి నెట్టారు. అమెరికా ఇంధన శాఖలో 2018లో ఇలాంటి సైబర్ దాడులను ఎదుర్కోవడానికి ప్రత్యేక కార్యాలయం వచ్చింది. 2021 మౌలిక వసతుల చట్టం గ్రామీణ సహకార సంఘాలు, మున్సిపల్ విద్యుత్ సంస్థల సైబర్ రక్షణకు అయిదేళ్లకు 25 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బు వృథా అనను. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో నడిచే సంస్థ సొంతంగా సైబర్ నిపుణుణ్ణి పెట్టుకోలేదు. కానీ తుపాకీ పట్టుకున్నవాడికి పాస్‌వర్డుతో పనేముంది?

2022 డిసెంబరు 3, నార్త్ కరోలినా, మూర్ కౌంటీ. శనివారం రాత్రి రెండు సబ్‌స్టేషన్లపై కాల్పులు. పెద్ద స్టేషన్ల కోసం రాసిన 2014 నియమం ఇలాంటి చిన్నవాటి దాకా రాదు. ఈసారి మళ్లించడానికి వేరే లైను లేదు. దాదాపు 45 వేల కనెక్షన్లకు కరెంటు పోయింది, చలికాలంలో, రోజుల తరబడి. బడులు మూతపడ్డాయి, రాత్రి కర్ఫ్యూ పెట్టారు. చట్టసభల్లో సబ్‌స్టేషన్ కంచెల గురించి మళ్లీ ప్రశ్నలు మొదలయ్యాయి.