ఎముక విరిగిందని ఎలా తెలుసుకున్నారు?

మొన్న వానాకాలంలో లంజిపల్లిలో మా వీధి మలుపు దగ్గర సైకిలు జారి పడిపోయాను. కుడి చెయ్యి నేలకి ఆన్చి పడ్డాను. ఇంటికి వచ్చేసరికి మణికట్టు కొంచెం వాచింది. మా నాన్నమ్మ చూసి, "ఏళ్లు కదుపు రా" అంది. కదిపాను. "కదుల్తన్నాయి కదా, అయితే ఇరగనేదు. బెణికింది అంతే" అని ఆముదం వెచ్చచేసి రాసింది. నాలుగు రోజులు అలాగే బడికి వచ్చాను. పెన్ను పట్టుకుంటే చాలు, బొటనవేలి మొదట్లో పొడిచినట్టు నొప్పి. ఐదో రోజు నాన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు.

డాక్టరు గారు బొటనవేలు పైకి చాపమన్నారు. అలా చాపితే దాని మొదట్లో మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో ఆయన వేలితో నొక్కగానే అరిచేశాను. తర్వాత ఎక్స్‌రే తీయించారు. అందులో ఏమీ కనబడలేదు. అయినా ఆయన "ఇక్కడ నొక్కితే నొప్పి ఉంది కాబట్టి, విరిగిందనే అనుకుని కట్టు వేద్దాం" అన్నారు. రెండు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో సన్నని గీత కనిపించింది. విరిగిన మాట నిజమే!

యంత్రానికి కనబడనిది ఆయన వేలికి ఎలా తెలిసింది? యంత్రం లేని కాలంలో అందరూ ఇలాగే వేళ్లతో తెలుసుకునేవారా? కట్టుతో ఇంట్లో కూర్చున్నన్నాళ్లూ ఇదే ఆలోచన. అందుకే ఈ వ్యాసం.

ఎముకలు విరగడం మనిషి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఈజిప్టులో సుమారు 3,600 ఏళ్ల నాటి వైద్యపు చుట్ట ఒకటి దొరికింది. దాన్ని కొన్న ఆయన పేరు మీద ఎడ్విన్ స్మిత్ పాపిరస్ అంటారు. అందులో 48 మంది రోగుల సంగతులున్నాయి. దెబ్బ తగిలిన చోట తడిమి చూడాలని, వేళ్ల కింద ఎముక కరకరలాడితే విరిగినట్టని అందులో ఉంది.

మన దేశంలో సుశ్రుత సంహిత ఇంకా వివరంగా చెప్పింది. కీలు తప్పడం వేరు, ఎముక విరగడం వేరు అని విడదీసింది. కీలు తప్పడంలో 6 రకాలు, ఎముక విరగడంలో 12 రకాలు చెప్పింది. మధ్యలో పైకి ఉబ్బితే పీత లాంటిదని కర్కటకం, గుర్రం చెవిలా పైకి లేస్తే అశ్వకర్ణం, నలిగి ముక్కలైతే చూర్ణితం అని పేర్లు. విరిగిన గుర్తులు కూడా రాసింది: వాపు ఎక్కువగా ఉండడం, కదిపినా ముట్టుకున్నా ఓర్చుకోలేకపోవడం, నొక్కితే శబ్దం రావడం, అవయవం వేలాడిపోవడం, ఎలా పడుకున్నా సుఖం లేకపోవడం. ఈ గుర్తుల్లో చాలావాటిని డాక్టర్లు ఇప్పటికీ చూస్తారు. శబ్దం కోసం మాత్రం ఇప్పుడు కావాలని ఎముకని కదపరు. లోపల నరాలకీ రక్తనాళాలకీ దెబ్బ తగులుతుందని.

తెలుగు వాళ్లలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు మాట వినని వాళ్లు తక్కువ. చిత్తూరు ప్రాంతంలో పుత్తూరు దగ్గర రాచపాళెంలో ఒక రాజుల కుటుంబం తరతరాలుగా ఆకు పసరు, కోడిగుడ్డు, వెదురు బద్దలు, గుడ్డతో కట్టు కడుతోంది. ముందు చేత్తో తడిమి చూడడమే వాళ్ల విద్య. ఇప్పుడు అక్కడికి ఎక్స్‌రే చేత పట్టుకుని వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు.

1814లో ఐర్లండులో అబ్రహాం కోలిస్ అనే వైద్యుడు ఒక విషయం రాశాడు. చెయ్యి ఆన్చి పడినప్పుడు మణికట్టు వంకరైతే అందరూ కీలు తప్పిందనుకునేవారు. కాదు, ముంజేతి ఎముక చివర విరిగింది అని ఆయన చెప్పాడు. ఎక్స్‌రే రావడానికి ఇంకా 81 ఏళ్లు ఉంది. పక్క నుంచి చూస్తే ఆ చెయ్యి భోజనం ఫోర్కులా వంగి ఉంటుంది.

ఇది చదివి నేను మా నాన్నమ్మ ఎడమ చెయ్యి వైపు చూశాను. అచ్చం అలాగే ఉంది. అడిగితే, చిన్నప్పుడు గంజాం పల్లెలో నూతి గట్టు మీద జారి పడిందట. "ఏళ్లు కదిలాయి, అందుకే ఎవ్వరూ ఇరిగిందనుకోనేదు" అంది. ఆ చేత్తో ఇప్పటికీ తడిబట్ట పిండలేదు.

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుక్కున్నాడు. ఎముకలోని కాల్షియం ఆ కిరణాలను ఎక్కువగా ఆపేస్తుంది, కండ అంతగా ఆపదు. అందుకే ఎముక తెల్లగా కనిపిస్తుంది. డిసెంబరు 22న తన భార్య చేతికి ఫోటో తీస్తే ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. 1896 ఫిబ్రవరిలో అమెరికాలో మంచు మీద జారి పడిన ఎడ్డీ మెకార్తీ అనే 14 ఏళ్ల కుర్రాడి విరిగిన మణికట్టుకి ఎక్స్‌రే తీశారు. నాలాగే మణికట్టు! పాపం అతను 20 నిమిషాలు చెయ్యి కదపకుండా ఉంచాల్సి వచ్చింది. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి రాంట్‌జెన్‌కే ఇచ్చారు.

మన బరంపురంలో 1894లో పుట్టిన రాష్ట్రపతి వి.వి. గిరి గారికన్నా ఎక్స్‌రే ఏడాది పైచిలుకు చిన్నది. అప్పుడు మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఒడిశాలో కలిసింది. ఇక్కడ మెడికల్ కాలేజీ 1962లో వచ్చింది.

ఎక్స్‌రే వచ్చాక వేళ్లతో పని తీరిపోయిందా అంటే, లేదు. నాకు విరిగిన ఎముక పేరు స్కాఫాయిడ్. పడవ ఆకారంలో చిన్నగా ఉంటుంది. అది చిట్లితే మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనబడదు. 10 నుంచి 14 రోజులకి చిట్లిన అంచుల దగ్గర ఎముక కొంత కరిగి గీత తెలుస్తుంది. దానికి రక్తం అందడం తక్కువ కాబట్టి, వదిలేస్తే అతుక్కోకుండా పోవచ్చు. 1971లో సీటీ స్కాన్, ఆ తర్వాత ఎమ్మారై వచ్చాయి. అయినా ఎక్కడ ఫోటో తియ్యాలో చెప్పేది ముందు వేలే.

మిత్రులారా, వేళ్లు కదిలినంత మాత్రాన ఎముక బాగున్నట్టు కాదు. వేళ్లను కదిపే కండరాలు, నరాలు బాగుంటే ఎముక చిట్లినా అవి కదులుతాయి. ఒక్కచోట నొక్కితే నొప్పి, వాపు, వంకర, బరువు మోపలేకపోవడం, ఇందులో ఏది ఉన్నా నూనె రాసి తోమకండి. కదలకుండా బద్ద కట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నా కట్టు విప్పేశారు. ఈ వ్యాసం ఆ చేత్తోనే రాశాను. మొన్న మా తమ్ముడు గోడ మీంచి దూకి పడితే నాన్నమ్మ ఆముదం తియ్యలేదు. "ఎక్కడ నొక్కితే నొప్పెడతందో సెప్పు" అని అడిగింది.